పులుసులో చిలగడదుంప

పండగపూట ఇంట్లో మనస్పర్థలు రావడానికి పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు. దర్జీ కొత్త జాకెట్టు సమయానికి కుట్టి ఇవ్వకపోతే చాలు, ఆడపడుచు పిల్లాడికి అరిసె ఒకటి తక్కువైతే చాలు. మా ఇంట్లో 1979 సంక్రాంతికి చిలగడదుంప వల్ల వచ్చింది. వచ్చిందంటే, గొడవ కాదు. గొడవైతే నయమే, ఆ పూటే అరుచుకుని మర్నాటికి కలిసిపోదుము.

అప్పుడు మేం కాకినాడలో ఉండేవాళ్ళం. నా పెళ్ళయి ఏడేళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆ ఏడాదే మా అత్తగారు మొదటిసారి పండగ వంట పూర్తిగా నా చేతికి వదిలేశారు. నేను కూడా చీర కొంగు బిగించి రంగంలోకి దిగాను. పులిహోర, బొబ్బట్లు, గారెలు, అరటికాయ వేపుడు, ముద్దపప్పు, పెద్ద గిన్నెడు ముక్కల పులుసు. దాన్నే దప్పళం అంటారు, కొందరు కలగూర పులుసంటారు. సంక్రాంతి పెద్దలకి పెట్టుకునే పండగ కదా, ఆ పులుసు లేనిదే మా అత్తవారింట విస్తరి పూర్తికాదు.

గుమ్మడికాయ, సొరకాయ, ములక్కాడ, వంకాయ, బెండకాయ అన్నీ వేశాను. చిలగడదుంప మాత్రం వెయ్యలేదు. మర్చిపోయి కాదు, తెలిసే. మా పుట్టింట్లో పులుసులో తీపిముక్కంటే గుమ్మడికాయ ఒక్కటే. మా పిల్లలకి తియ్యటి పులుసంటే అసలు గిట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, మా అత్తగారే దాన్ని తినేవారు కాదు. ఏడేళ్ళనించి చూస్తున్నాను కదా, గరిటెతో చిలగడదుంప ముక్కలన్నీ జాగ్రత్తగా పక్కకి తోసి, ఉత్త పులుసు పోసుకుని అన్నం కలుపుకునేవారు. తినని మనిషి కోసం దుంపలు కడిగి, చెక్కు తీసి, ముక్కలు కోయడమెందుకని నా తెలివి.

పెద్దలకి పెట్టడం అయింది, విస్తళ్ళు వేశాం. ఆవిడ పులుసు గిన్నెలో గరిటె పెట్టి రెండుసార్లు కలియతిప్పారు.

"చిలగడదుంపలేవే అమ్మాయ్?"

"వెయ్యలేదత్తయ్యగారూ. మీరెలాగూ తినరు కదా?"

ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి, "సరేలే" అన్నారు. మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోయారు. మా వారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరికీ ఏమీ తెలీదు.

ఆవిడ అసలు సంగతి మర్నాడు కనుమనాటి మధ్యాహ్నం చెప్పారు. అది చెప్పేముందు ఈ దుంప పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పనివ్వండి. ఎందుకంటే ఆ రోజునించీ దీనిమీద నాకు కక్షో ఆపేక్షో తెలీదు గాని, లైబ్రరీలో ఏ పుస్తకం తీసినా ముందు వెనకనున్న అకారాది పట్టికలో చిలగడదుంప ఉందేమోనని వెతికే జబ్బు పట్టుకుంది.

ముందుగా చుట్టరికాలు. బంగాళాదుంపకీ చిలగడదుంపకీ దగ్గర బంధుత్వమేమీ లేదు. బంగాళాదుంపది వంకాయ, టొమేటో, మిరపకాయల వంశం. చిలగడదుంపకి దగ్గర చుట్టం చెరువుల్లో పాకే తూటికూర. పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోయే గరాటాపూలు చూశారా, వాటిది కూడా అదే కుటుంబం. పైగా బంగాళాదుంప నేలలో బలిసిన కాండం, అందుకే దానికి కళ్ళుంటాయి. చిలగడదుంప అచ్చంగా వేరు. పొలంలో నాటేది దుంపని కాదు, తీగముక్కల్ని. ఈ తీగముక్కల మాట గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. 1492లో కొలంబస్ మన దేశానికి దారి వెతుక్కుంటూ పొరపాటున వెళ్ళి దిగిన దీవుల్లో అక్కడివాళ్ళు దీన్ని తింటూ కనిపించారు. తైనో భాషలో దాని పేరు బటాటా. స్పెయిన్‌కి బంగారం కన్నా ముందు రుచి తెలిసింది ఈ దుంపదే అనుకోవాలి. యూరపులో బంగాళాదుంప కాలుపెట్టింది దీని తరవాత. వచ్చి పెద్దదాని పేరు కాస్తా కాజేసింది. 1597లో ఇంగ్లండులో జాన్ జెరార్డ్ అనే ఆయన మొక్కల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో ఉత్త పొటాటో అంటే చిలగడదుంపే. బంగాళాదుంపని వర్జీనియా పొటాటో అని వేరే చెప్పాల్సి వచ్చింది. తరవాత్తరవాత బంగాళాదుంప ఇంటికి యజమానురాలై కూర్చుంది, అసలుదానికి 'తియ్యటి' అని ముందో ముక్క తగిలించి పక్కగదిలోకి పంపారు. ఇలాటివి దుంపల్లోనే జరుగుతాయనుకోకండి.

మన దేశంలో కూడా అంతే. మరాఠీ, గుజరాతీ, కొంకణీ వాళ్ళు బటాటా అంటే ఇవాళ బంగాళాదుంప. బటాటా వడ తింటున్న మనిషికి ఆ పేరు చిలగడదుంపదని చెప్తే వింతగా చూస్తాడు. జహంగీరు పాదుషా కొలువుకి వచ్చిన ఇంగ్లీషు రాయబారి సర్ థామస్ రో వెంట ఎడ్వర్డ్ టెర్రీ అనే ఫాదిరీ ఉండేవాడు. ఆసఫ్ ఖాన్ ఇచ్చిన విందులో పొటాటోలు వడ్డించారని ఆయన రాసుకున్నాడు. అవి బంగాళాదుంపలై ఉండవు, చిలగడదుంపలే అయి ఉంటాయని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ విందులో ఎలా వండారో ఆ మహానుభావుడు రాసి ఉంటే మనకెంతో ఉపకారం చేసినవాడయ్యేవాడు. మగవాళ్ళు విందుల గురించి రాస్తే ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాస్తారు గాని, పోపులో ఏం వేశారో రాయరు.

కొలంబస్ కన్నా ముందే ఈ దుంప సముద్రం దాటిన వైనం ఒకటుంది. పసిఫిక్ మహాసముద్రం నడుమ కుక్ దీవులున్నాయి. అక్కడ మంగయా అనే చిన్న దీవిలో తవ్వకాల్లో కాలిపోయిన చిలగడదుంప ముక్కలు దొరికాయి. దగ్గర దగ్గర వెయ్యేళ్ళనాటివని లెక్కగట్టారు. అంటే ఆ దీవులవాళ్ళు పడవలమీద దక్షిణ అమెరికా దాకా వెళ్ళి తెచ్చుకున్నారని కొందరంటారు. ఆ దీవుల్లో దాని పేరు కుమారా, అక్కడ పెరూ కొండల్లో క్వెచువా భాషలోనూ దాదాపు అదే పేరు. అబ్బే, మనుషులు తేలేదు, మనుషులు ఆ దీవుల్లో అడుగుపెట్టకముందే గింజలు నీళ్ళలో తేలుతూ వచ్చాయని 2018లో కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. గింజలు తేలి వచ్చాయంటే ఒప్పుకుంటాను, పేరు కూడా తేలి వచ్చిందా అని నా అనుమానం.

మన వైపు రావడానికి దీనికి రెండు దారులు. పడమటినించి పోర్చుగీసువాళ్ళు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు, 1510లో గోవా వాళ్ళ వశమైంది. ఆ ఓడల రాకపోకలవల్లే మిరపకాయ, జీడిమామిడి, బొప్పాయి, జామ, అనాస మనకి అబ్బాయి. తూర్పునించి స్పెయిన్‌వాళ్ళు. 1565నించి 1815 దాకా ఏటేటా మెక్సికోలోని అకపుల్కోనించి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకి పెద్ద ఓడలు నడిచాయి. అందుకే ఈనాటికీ ఫిలిప్పీన్స్‌లో చిలగడదుంపని మెక్సికో పేరుతో కమోటే అంటారు.

చైనాకి అక్కడినించే చేరింది. 1593లో ఫూజియన్ రాష్ట్రపు వర్తకుడు చెన్ జెన్‌లొంగ్ మనీలా వైపునించి ఇంటికి తిరిగి వస్తూ దీన్ని తెచ్చాడు. స్పెయిన్‌వాళ్ళు మొక్కని దాటనిచ్చేవారు కాదట. ఆయన తీగముక్కల్ని ఓడ తాళ్ళలో పెనవేసి, పైన బురద పూసి తీసుకొచ్చాడని చెప్పుకుంటారు. దుంప అయితే పట్టుబడేది, తీగ కనక బతికిపోయింది. మరుసటేడే ఫూజియన్‌లో కరువొచ్చింది. అక్కడి గవర్నరు జిన్ షుయెజెంగ్ ఊరూరా ఈ తీగ నాటించాడు. వరి పండని మెట్టల్లో, ఇసకలో, కొండవాలుల్లో కూడా కాసే పంట. ఫూచౌ నగరంలో ఆ గవర్నరుకీ ఆ వర్తకుడికీ గుడిలాంటి స్మారకం ఇప్పటికీ ఉంది. యుద్ధాలు గెలిచినవాళ్ళ విగ్రహాలు ఎన్నైనా చూస్తాం, దుంప తెచ్చినవాడికి గుడి కట్టడం నాకు చాలా నచ్చింది.

ఫూజియన్‌నించి 1605లో ఒకినావాకి వెళ్ళింది, అక్కడినించి జపాను దక్షిణాన సత్సుమా ప్రాంతానికి. 1732లో జపానులో పెద్ద కరువు. జనం చచ్చిపోతున్నా సత్సుమాలో మాత్రం ఈ దుంపవల్ల ప్రాణాలు నిలిచాయి. అది చూసి అవోకి కొన్యో అనే పండితుడు 1735లో షోగున్ అనుమతితో రాజధానిలో దీన్ని పండించి చూపించాడు. పాపం ఎంత పండితుడైతేనేం, చిలగడదుంపల మేష్టారు అనే పేరే మిగిలింది. ఆయన సమాధి టోక్యోలో మెగురో అనే చోట ఉంది.

పేర్ల తమాషా చూడండి. టోక్యోవాళ్ళు దాన్ని సత్సుమా దుంప అంటారు. సత్సుమావాళ్ళని అడిగితే చైనా దుంప అంటారు. చైనావాళ్ళు విదేశీ దుంప అంటారు. ఎవరికివారు, అబ్బే మాది కాదు, ఆ పక్కింటివాళ్ళు ఇచ్చారని చెప్పినట్టుంటుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 1983లో మా వారికి బదిలీ అయి హైదరాబాదు వెళ్ళాం. సంక్రాంతి ముందు సికిందరాబాదు మోండా మార్కెట్టుకి పోయి చిలగడదుంపలున్నాయా అని అడిగాను. కూరలమ్మి తెల్లబోయింది. ఎదురుగా బుట్టనిండా ఉంటే వేలుపెట్టి చూపించాను. "గట్ల జెప్పరాదమ్మా, కందగడ్డ!" అంది. కందగడ్డంటే మాకు దురదపెట్టే కంద. కాదమ్మా, కంద కాదు, ఇది చిలగడదుంప అంటాను నేను. ఇది కందగడ్డనే అంటుంది ఆవిడ. పక్కనున్నామె ఎవరో, "మా దిక్కు రత్నపురిగడ్డ అంటరు" అని తీర్పు చెప్పింది. అనంతపురంనించి వచ్చిన మా పక్కింటావిడ దాన్ని గెనుసుగడ్డ అనేది. హిందీవాళ్ళ శకర్‌కంద్‌లోనూ, తమిళుల సక్కరవళ్ళిలోనూ చక్కెర ఉంది. తెలంగాణాలో శివరాత్రి ఉపవాసానికి ఈ గడ్డ ఉడికించి తినకపోతే జాగారమే పూర్తికాదు. ఆ శివరాత్రికి కూరలమ్మి నాకు కొసరుగా రెండు గడ్డలు వేసి, "దేవునికి పెట్టినంకనే తినాలె" అని మరీ చెప్పింది.

ఇక్కడే నాకు నవ్వూ ఆశ్చర్యమూ వస్తాయి. మా అత్తవారింట తద్దినానికి సీమకూరలు పనికిరావు. బంగాళాదుంప, టొమేటో, క్యాబేజీ ఆ రోజు వంటింటి గడప దాటకూడదు. అదే రోజు చిలగడదుంపకి మాత్రం దర్జాగా ప్రవేశం! బంగాళాదుంప ఎంత సీమదో ఇదీ అంతే సీమది. కాకపోతే కాస్త ముందొచ్చింది, ఎర్రగా మన మట్టిరంగులో ఉంది, అణిగిమణిగి ఉంది. పెద్దవాళ్ళు ఇంటిపిల్లే అనుకున్నారు.

ఆ మాటకొస్తే మన సంక్రాంతి సంగతే చూడండి. పులుసులో పడే తియ్యగుమ్మడికాయ అమెరికాది. బూడిదగుమ్మడి అయితే ఆసియాదే. గొబ్బెమ్మల నెత్తిన పెట్టే పసుపుపచ్చ గుమ్మడిపువ్వు ఉంది చూశారూ, అదీ అక్కడిదే. ముగ్గులమీద చల్లే బంతిపూలు మెక్సికోవి. పోపులో ఎండుమిరపకాయ సరేసరి, శ్రీనాథుడంతటి భోజనప్రియుడికి దాని ఘాటు తెలియకుండానే వెళ్ళిపోయాడు. ఆయన కాలంలో కారమంటే మిరియాలే. ఇక అచ్చంగా మనవి ఏం మిగిలాయయ్యా అంటే వంకాయ, ములక్కాడ, పిల్లల నెత్తిన పోసే రేగుపళ్ళు, నువ్వులు. ఇవన్నీ మా అత్తగారికి ఒకసారి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "అయితే ఏవిటంటావ్, పండగ మానెయ్యమంటావా?" అన్నారు.

సరే, 1979 కనుమనాటి సంగతి. మధ్యాహ్నం మగవాళ్ళు పేకాటలో ఉన్నారు. ఆవిడ వసారాలో కూర్చుని పత్తి వత్తులు చేస్తున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "నిన్న నావల్ల పొరపాటైంది అత్తయ్యగారూ" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత వత్తులు చేస్తూనే చెప్పారు.

ఆవిడ పుట్టింటివారిది కాకినాడకి దగ్గర్లోనే సముద్రపొడ్డున చిన్న ఊరు. నాన్నగారు రంగంలో బియ్యం మిల్లులో గుమాస్తా. రంగం అంటే రంగూన్. మన తూర్పుతీరంలో రంగం వెళ్ళినవాడు లేని ఊరు ఆ రోజుల్లో అరుదు. కాకినాడ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. నెలనెలా మనియార్డరు వచ్చేది, అక్కడి బియ్యమూ ఇక్కడికొచ్చేది. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చిలో పట్టణం వాళ్ళ చేతిలో పడింది. అక్కడున్న మనవాళ్ళు లక్షలమంది నడిచి బయల్దేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు మణిపూరు మీదుగా. దారిలో కలరాతో, ఆకలితో వేలమంది రాలిపోయారు. ఏప్రిల్ 6న కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా కూడా బాంబులు పడ్డాయి.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మనియార్డరు ఆగిపోయింది. ఉత్తరం ముక్క లేదు. బియ్యం కొనబోతే కొరివి. మాకో అరెకరం ఇసకపర్ర ఉండేది, మా నాయనమ్మ అందులో చిలగడదుంప వేయించింది. దుంపలు తవ్వి ఇంట్లోనే ఇసకలో పాతర వేసింది. పొద్దున్న ఉడకేసినవి, రాత్రి నిప్పుల్లో కాల్చినవి. మధ్యాన్నం మాత్రం కాసిని నూకలు, చిలగడదుంప పులుసు. నాల్నెల్లు అమ్మాయ్. ఆ తీపివాసనొస్తే చాలు, వాంతి వచ్చేది.

"జ్యేష్ఠమాసం. మిట్టమధ్యాన్నం. కంచాలముందు కూర్చున్నాం. గుమ్మంలో ఎవడో నించున్నాడు. గడ్డం, చింకిపంచె, కాళ్ళకి గుడ్డపీలికలు. నేనే లేచి వెళ్ళాను. 'చెయ్యి ఖాళీ లేదు, పైకెళ్ళు నాయనా' అన్నాను."

ఆవిడ వత్తి చేతిలో అలాగే ఉండిపోయింది.

"మా నాన్నని."

కాసేపటికి మళ్ళీ మొదలెట్టారు. "ఏమీ అనలేదు. నా పేరుపెట్టి పిలిచాడు, అంతే. అమ్మ కాళ్ళు కడిగి కూచోబెట్టింది. ఆ నూకలూ ఆ పులుసే వడ్డించింది. ఎంత ఇష్టంగా తిన్నాడో. పండగలా ఉందే అన్నాడు. గిన్నెలో అయిపోయింది, ఇంకా చూస్తున్నాడు. నా కంచంలో ముక్కలన్నీ తీసి ఆయన కంచంలో వేశాను. అదే, అప్పట్నించీ ఆ ముక్క నా కంచంలో వేసుకోడం లేదు."

"మరి సంక్రాంతికి..." అన్నాను.

"సంక్రాంతికి మా నాన్నకి మా అన్నయ్యలు పెట్టుకుంటారు. నేను మీ ఇంటిదాన్ని. మీ మావగారి పెద్దలకే పెట్టాలి. అందుకని పులుసులో ఆ నాలుగు ముక్కలు వేస్తాను. ఎవరు తిన్నా ఫరవాలేదు." వత్తులన్నీ డబ్బాలో వేసి మూతపెట్టి, "కాఫీ వేళైంది, లే" అన్నారు.

తరవాత జపాను గురించి చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. యుద్ధం ముగిసేనాటికి ఆ జపానువాళ్ళకీ బియ్యం కరువే. బడుల ఆటస్థలాలు తవ్వి దుంపలు వేశారట. టోక్యోలో పార్లమెంటు భవనం ముందరి ఖాళీనేల కూడా దున్నారట. ఆ తరంవాళ్ళలో చాలామంది జీవితాంతం చిలగడదుంప ముట్టలేదని రాశారు. వాళ్ళ బాంబులకి భయపడి మా అత్తగారింటివాళ్ళు తిన్నదీ, ఆ బాంబులు వేసినవాళ్ళ పిల్లలు తిన్నదీ ఒకటే తిండి. ఈ సంగతి మాత్రం ఆవిడకి నేను చెప్పలేదు. 1991లో ఆవిడ పోయేదాకా ఏ సంక్రాంతికీ మళ్ళీ పొరపాటు చెయ్యలేదు.

2004 నవంబరులో న్యూజెర్సీనించి మా అమ్మాయి ఫోను చేసింది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. పక్కింటి అమెరికావాళ్ళు భోజనానికి పిలిచారట. "అమ్మా, చిలగడదుంప మెత్తగా ఉడికించి, దానిమీద తెల్లటి తీపి దూదిఉండల్లాటివి పరిచి, ఓవెన్‌లో కాల్చారమ్మా! పిండివంటేమో అనుకున్నా. కాదట, కూరట!" అని ఒకటే ఆశ్చర్యం. ఆ దూదిఉండల పేరు మార్ష్‌మాలో. 1917లో వాటిని తయారుచేసే కంపెనీ తమ సరుకు అమ్ముడుపోవడానికి జానెట్ మెకెంజీ హిల్ అనే వంటల పత్రికా సంపాదకురాలి చేత వంటకాల పుస్తకం రాయించింది. అందులోది ఈ వంటకం. నూరేళ్ళలో అది పండగనాటి ఆచారమైపోయింది. మన ఇళ్ళల్లో కూడా డబ్బా వెనకాల అచ్చేసిన వంటకం చూసి చేసినవి, మా అమ్మమ్మనాటివని చెప్పుకునే రోజు వస్తుందిలెండి.

ఆ మార్ష్‌మాలోల వెనక ఇంకో కథ ఉంది. అమెరికా దక్షిణాది తోటల్లో ఆఫ్రికానించి తెచ్చిన బానిసలకి ఈ దుంపే ఆధారం. వాళ్ళు తమ దేశపు పెండలం దుంప పేరుతో దీన్ని యామ్ అని పిలుచుకున్నారు. ఇప్పటికీ అక్కడి దుకాణాల్లో దీన్ని ఆ పేరుతో అమ్ముతారు. బానిసగా పుట్టి పెద్ద శాస్త్రవేత్త అయిన జార్జి వాషింగ్టన్ కార్వర్ దీన్ని ఎలా నిలవచెయ్యాలో, ఎన్నిరకాలుగా వండాలో బీదరైతుల కోసం 1922లో చిన్న పుస్తకం వేశాడు. పోపులో ఏం వేశారో రాసిన మగవాడు నాకు ఈయనొక్కడే కనిపించాడు.

ఆ మరుసటి సంక్రాంతికి మా అమ్మాయి బామ్మ పులుసు చేస్తానంది. ఫోనులోనే చెప్పాను, మీరూ వినండి. చింతపండు నిమ్మకాయంత నానబెట్టి పులుసు తియ్యాలి. సొరకాయ, ములక్కాడ, వంకాయ ముందు ఉప్పూ పసుపూ వేసి ఉడకనిచ్చి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, సగం ఉడికాక గుమ్మడికాయ, చిలగడదుంప ముక్కలు వెయ్యాలి. దుంప ముక్కలు వేలెడు మందాన ఉండాలి, పల్చగా తరిగితే గల్లంతు. చెక్కు తీసినవెంటనే నీళ్ళలో వెయ్యకపోతే నల్లబడతాయి. అన్నీ మెత్తబడ్డాకే చింతపండు పులుసు పొయ్యండి, ముందే పోస్తే పులుపుకి ముక్క గట్టిపడి ఓ పట్టాన ఉడకదు. బెల్లం చిన్నముక్క చాలు, దుంప తీపి తనంతట తనే దిగుతుంది. నిదానంగా సన్నటి సెగమీద వేడెక్కితే దానిలోని పిండి చక్కెరగా మారుతుంది, అందుకే నిప్పుల్లో కాల్చినది అంత తియ్యన. తవ్వి తెచ్చిన రోజున కన్నా వారం పదిరోజులు నిలవుంచాక వండితే ఇంకా రుచి. చివర చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి, రెండు పొంగులు రానిచ్చి, ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకుతో పోపు. ముద్దపప్పూ నెయ్యీ లేకుండా దీన్ని తిని బాగాలేదనకండి.

పండగనాడు మళ్ళీ ఫోను. "అమ్మా, ముక్కలన్నీ కరిగిపోయాయి! గుమ్మడికాయేదో దుంపేదో తెలీడం లేదు." అక్కడ దొరికేది నారింజరంగు దుంప. అది మనదానిలా పిండిపిండిగా ఉండదు, తడిగా ఉండి ఇట్టే చితికిపోతుంది. మన దేశంలో కూడా అలాటి రకాలు వచ్చాయి. తిరువనంతపురంలో 1963లో పెట్టిన దుంపపంటల పరిశోధనా సంస్థవాళ్ళు భూసోనా అని నారింజరంగుది, భూకృష్ణ అని ఊదారంగుది తీశారు. ఆ నారింజరంగే ఎ విటమిన్‌కి మూలం, పిల్లల కళ్ళకి మంచిది. అలాటి దుంపలు ఆఫ్రికాలో జనానికి అలవాటు చేసినందుకు 2016లో శాస్త్రజ్ఞులకి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. పులుసుకి మాత్రం మన తెల్లదే మేలు.

"అన్నీ కరిగిపోయాయా?" అన్నాను.

"గరిటె పెట్టి వెతికితే రెండు దొరికాయి."

"ఏం చేశావు?"

"ఆయనకి వేశా."

నేనేమీ మాట్లాడలేదు. ఫోను తెగిపోయిందేమోననుకుని హలో హలో అంది.

"మరి నువ్వు వేసుకోలేదేమే?" అన్నాను.

"నాకు తియ్యటి పులుసు నచ్చదు కదమ్మా, నీకు తెలీదూ?" అంది.